గాటు పెట్టిన ఇనుము

కారు కింద వెల్లకిలా పడుకుని మేస్త్రి ఎడమ ముందు చక్రాన్ని అటూ ఇటూ ఊపి చూశాడు. టక్కుమంది. మళ్లీ ఊపాడు, మళ్లీ టక్కుమంది. స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని మళ్లించే ఇనుప చెయ్యి అది, స్టీరింగ్ ఆర్మ్ అంటారు. టార్చి వేసి చూస్తే దాని మెడ దగ్గర వెంట్రుకంత పగులు కనిపించింది.

"విరుగుతుందా?" అని వంగి అడిగింది ఆ కారు నడిపే నర్సమ్మ.

"విరిగేదేనమ్మా. ముందే తెచ్చారు కాబట్టి మనం ఇలా మాట్లాడుకుంటున్నాం."

కొత్తది రావాలంటే చాలా రోజులు పడుతుందన్నారు కంపెనీవాళ్లు. నర్సమ్మవి వేళకాని వేళ డ్యూటీలు, బస్సులు దొరకవు. "పాతదేదైనా ఉంటే వెయ్యండి. మీరు బాగుందంటే నాకు బాగున్నట్టే," అని తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మేస్త్రి ఆర్మ్ ఊడదీసి, జేబులోంచి ఇనుము అరగదీసే ఆకురాయి తీసి, దాని మీద అడ్డంగా ఒక గాటు, దాన్ని కోస్తూ ఇంకో గాటు పెట్టాడు. చూపుడువేలు ఒకసారి గేరులో ఇరుక్కుని వంకరపోయినప్పటి నుంచి అతని రెండో గాటు కొంచెం వాలుగానే పడుతుంది. పనికిరాదని తేల్చిన ప్రతి ముక్కకీ అతను పెట్టే గుర్తు అది. గాటు పడ్డది మళ్లీ ఏ బండికీ ఎక్కకూడదు, కొలిమికి పోవాలి. "చచ్చినవాడికి మళ్లీ ఉరెందుకురా," అని తోటి మేస్త్రులు నవ్వేవాళ్లు. "కొన్ని లేచొస్తాయిరా," అనేవాడు.

ముక్కను తుక్కు డ్రమ్ములో పడేశాడు. డ్రమ్ము నిండితే బావమరిది వచ్చి పట్టుకుపోతాడు, కొలిమికి తోలతాడు. ఏళ్లుగా జరుగుతున్నదే.

వరసకు బావమరిదే గానీ, పెంపకానికి పెద్దకొడుకు. తల్లి పోయాక అక్క కొంగు పట్టుకుని ఈ ఇంటికొచ్చి, ఈ షెడ్డులోనే పని నేర్చాడు. పాత బళ్ల యార్డు పెట్టుకుంటానన్న రోజున మేస్త్రి తన చేత్తో పిడి చెక్కి ఒక ఆకురాయి ఇచ్చాడు. "చెడ్డ సరుకు నీ గేటు దాటనివ్వకు," అన్నాడు. మేస్త్రికో నియమం ఉంది. తలుపులూ అద్దాలూ పాతవైనా పరవాలేదు గానీ, స్టీరింగుకీ బ్రేకులకీ కొత్తవే వెయ్యాలి. ఆ నియమాన్ని ఒక్క బావమరిది దగ్గరే సడలించాడు. వాడిచ్చినదాన్ని తిప్పి కూడా చూసేవాడు కాదు. పెళ్లాం వడ్డించిన అన్నాన్ని ఎవడైనా వాసన చూసి తింటాడా?

మధ్యాహ్నం తన పాత వ్యాను వేసుకుని యార్డుకు బయల్దేరాడు. పక్క సీటులో భార్య దిండు ఉంది. నడుంనొప్పి మనిషి, ఎక్కడికెళ్లినా అది వీపు వెనక ఉండాల్సిందే.

"రా బావా, మంచి వేళకొచ్చావు," అని బావమరిది ఎదురొచ్చాడు. నల్లగా మెరిసిపోతున్న ఆర్మ్ ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. "ఓ ముసలాయన బండిది. పెళ్లికూతురిలా ఉంది చూడు. కూర్చో, టీ తెస్తా."

మేస్త్రి కూర్చున్నాడు. ఆర్మ్‌ని ఒళ్లో పెట్టుకుంటే బొటనవేలు అంటుకుంది. రంగు ఇంకా ఆరలేదు. గుడ్డతో తుడవబోతే నలుపు కింద తెల్లగా కనిపించింది. గోటితో గీకాడు. గాట్లు పూడ్చిన లప్పం పెచ్చులుగా రాలి, లోపలి నుంచి గాటు బయటపడింది. దాన్ని కోస్తూ రెండో గాటు, కొంచెం వాలుగా.

అది ఆమధ్య బేకరీ ఆయన కారు నుంచి తనే ఊడదీసి డ్రమ్ములో పడేసిన ముక్క. పొరపాటున ఉండిపోయిందేమో అనుకున్నాడు. అలా అనుకోవాలని చాలా ప్రయత్నించాడు. కానీ ఎదురుగా బల్ల మీద లప్పం డబ్బా ఉంది. పక్కనే తను పిడి చెక్కి ఇచ్చిన ఆకురాయి. దాని పళ్ల నిండా తెల్లటి లప్పమే.

బావమరిది టీ గ్లాసులతో వచ్చి, మేస్త్రి చేతిలోది చూసి ఆగిపోయాడు.

"ఇది నేను గాటు పెట్టిందిరా."

"నీకు ప్రతిదానికీ భయమే బావా. వెంట్రుకంత పగులుకి ఎవరైనా కొలిమిలో వేసుకుంటారా? ఇన్నేళ్లలో ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"ఇన్నేళ్లూనా?"

బావమరిది గ్లాసులు కింద పెట్టాడు.

"నాకిచ్చినవాటిలో కూడా ఉన్నాయా?"

"నువ్వు చూసుకుంటావులే అనుకున్నా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు."

పాల వ్యాను, బడిపిల్లల బండి, టాక్సీలు, ఒక్కొక్కటే మేస్త్రి కళ్ల ముందు తిరిగాయి. వాటన్నిటికీ బిగించిన చేతులు తనవే. వాడు మోసం చేశాడన్న దానికన్నా, తన చేతులతోనే చేయించాడన్నది ఎక్కువ కాల్చింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఈశ్వరుడి దాకా ఎందుకు, తను పట్టాలనే అనుకోలేదు.

ఆర్మ్ బల్ల మీద పెట్టి తన జేబులోని ఆకురాయితో పాత గాట్ల మీదే మళ్లీ లోతుగా కోశాడు. నర్సమ్మకు ఫోన్ చేశాడు. "బాగున్నది దొరకలేదమ్మా. కొత్తది వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది." ఆపైన లేచాడు.

"అక్కకి చెప్పకు బావా," అన్నాడు వెనక నుంచి బావమరిది.

మేస్త్రి వ్యాను దాకా వెళ్లి, తలుపు మీద చెయ్యేసి ఆగాడు. దీని ఆర్మ్ కూడా ఇక్కడిదే. మోకాళ్లు నొప్పెడుతున్నా మట్టిలో వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. గోటితో గీకాడు. కళ్లలో తెల్లటి పొడి రాలింది.

బయటికొచ్చి కళ్లు తుడుచుకున్నాడు, ఆ తడి పొడి వల్లనే అనుకోవచ్చు.

"ఇది మీ అక్క కూర్చునే బండిరా," అన్నాడు నెమ్మదిగా.

మేస్త్రి వ్యాను తాళంచెవి వాడి చేతిలో పెట్టి, గేటు దాటి, ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆ గేటు లోపల అతను మళ్లీ అడుగు పెట్టలేదు.

విరిగిన బళ్ల వరస చివర వ్యాను నిలబడి ఉంది. దాని ముందు సీటులో, నడుము ఆనిన చోట గుంటపడిన చిన్న దిండు అలాగే ఉండిపోయింది.