నలభయ్యో పేజీలో చుక్క

"ఇందులో ఒక్క శవమైనా ఉందా, రెయినో?"

బెర్నిస్ త్రూడో తలుపు సగమే తీసి, సంచిలోని నవలల్ని ఒక్కొక్కటే అట్ట చూసి పక్కన పెడుతోంది.

"అడుగున ఉన్న దాంట్లో ఉందండి. మూడో అధ్యాయంలో."

"అప్పటిదాకా నేనేం చెయ్యను? వాళ్ల తోటలో పూలు లెక్కపెట్టనా?" అని గొణుగుతూనే ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుంది. తర్వాత అతణ్ణి ఎగాదిగా చూసింది. "అదేమిటి, గడ్డం నున్నగా గీసుకొచ్చావు? ఎవరికోసమో?"

"ఎవరికోసమూ కాదండి," అన్నాడు రెయినో. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

రెయినో కాంగస్‌కి అరవై ఒకటి. మనిషి పొడుగే కాని, వ్యానులో వంగి వంగి భుజాలు అలాగే ఉండిపోయాయి. మొద్దు వేళ్లు చలికి పగిలి ఉంటాయి. ఇరవై ఆరేళ్లుగా లైబ్రరీ పుస్తకాల వ్యాను నడుపుతున్నాడు. మిషిగన్ ఉత్తరపు కొసన, రాగి గనులు మూతపడ్డాక మిగిలిన ఊళ్లలో, ఇల్లు కదలలేని వాళ్లకి రెండు వారాలకోసారి గురువారం నాడు కొత్త పుస్తకాలు ఇచ్చి పాతవి పట్టుకెళతాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. ఇన్నేళ్లూ పుస్తకాలు మోశాడే కాని, ఈ శీతాకాలం దాకా ఒక్కటీ పూర్తిగా చదివిన పాపాన పోలేదు.

చదివేసిన నవలే మళ్లీ తెప్పించుకుని, సగం దాకా వచ్చాక నాలుక కరుచుకోవడం ముసలివాళ్ల తిప్పలు. అందుకని ఒక్కొక్కరూ ఒక్కో పేజీ ఎంచుకుని, పుస్తకం పూర్తికాగానే ఆ పేజీ అంకె కింద పెన్సిలుతో గుర్తు పెడతారు. బెర్నిస్‌ది ఇరవై ఐదులో చిన్న ఇంటూ. ఐలీ సాల్మెలాది నలభైలో చుక్క. క్లారెన్స్ ట్రెవారోది అరవై ఒకటిలో కొక్కెం. అవన్నీ చెరిపెయ్యమని లైబ్రరీవాళ్లు రెయినోకి ఒక రబ్బరు ఇచ్చారు. అది వ్యాను సొరుగులో కొన్నప్పటిలా తెల్లగా పడి ఉంది.

ఐలీకి ఎనభై నాలుగు. ఒకప్పుడు బడిలో వంటమనిషి. చిన్ననాడు రెయినో పళ్లెంలో బఠానీ సూపు పోసిన చెయ్యి అదే. క్లారెన్స్ గనిలో పనిచేసి రిటైరైనవాడు. ఇద్దరి ఇళ్లకీ మధ్య పన్నెండు మైళ్లు. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడలేదు. అయినా పదకొండేళ్లు ఒకరు చదివిన నవల ఇంకొకరికి పంపుకున్నారు. మాటలు రెయినో మోసేవాడు.

"ఆ క్లారెన్స్‌కి చెప్పు, ఈ రాసినాయనకి ఆడవాళ్ల గురించి అక్షరం ముక్క తెలియదని."

"తెలియనివాడి పుస్తకం నాలుగొందల పేజీలు ఎందుకు చదివిందో అడుగు."

కిందటి అక్టోబరులో క్లారెన్స్ పోయాడు. అదే వారం ఐలీ తుంటి విరిగి మంచాన పడింది. రెయినో వెళ్లేసరికి దిండుకి ఆనుకుని, "నేను పంపింది ఎలా ఉందన్నాడు?" అని అడిగింది. ఆ కళ్లలోకి చూస్తూ చెప్పలేకపోయాడు. "బాగుందన్నాడండి," అనేశాడు. ఎందుకు బాగుందో చెప్పమంది ఆవిడ.

అక్కడినించి మొదలైంది. అబద్ధం నిలబెట్టడానికి చదవక తప్పలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, వాక్యం కింద వేలు పెట్టుకుని చదివేవాడు. తనకి తోచింది క్లారెన్స్ మాటగా వెళ్లి చెప్పేవాడు. అరవై ఒకటో పేజీలో కొక్కెం కూడా తనే గీసేవాడు. రానురాను గురువారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడసాగాడు. పుస్తకం గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషి ఉండటం ఎంత సుఖమో అరవై ఏళ్లు నిండాక తెలిసింది అతనికి.

రెండు వారాల కిందట ఐలీ కాఫీ పోసి, యాలకుల రొట్టె ముక్క ముందుపెట్టి, మామూలుగా అడిగింది.

"క్లారెన్స్ ఎప్పుడు పోయాడ్రా?"

రెయినో కప్పు కింద పెట్టేశాడు.

"వాడు పెన్సిలు గునపంలా దించేవాడు. కాగితం వెనక తడిమితే వేలికి తగిలేది. కళ్లు మందగించాక, పుస్తకం మొదలెట్టే ముందు అదే తడుముకునేదాన్ని. అక్టోబరు నించీ నున్నగా ఉంటోంది."

"మరి... ఇన్నాళ్లూ అడగలేదేం?"

"అడిగితే నువ్వు చదవడం మానేసేవాడివి." రొట్టె అతని వైపు జరిపింది. "అయినా క్లారెన్స్ ఏనాడైనా నవల చదివి ఏడ్చాడట్రా? ఈ చలికాలంలో నాలుగుసార్లు ఏడిపించావు పాపం, చచ్చినవాణ్ణి!"

రెయినో రొట్టె ముక్క తుంచాడు.

"దొంగ గుర్తులు ఇక పెట్టనని మాటివ్వు. నీకంటూ ఒక పేజీ చూసుకో. నీకు నచ్చింది, నీ పేరు మీద తెచ్చివ్వు. బాగోలేకపోతే మొహం మీదే చెబుతా."

మాటిచ్చాడు. వ్యానులోకి వెళ్లి, సీటు కింద దాచుకున్న నవల తెచ్చాడు. రెండుసార్లు చదివాడు దాన్ని. ఒకే ఇంట్లో ఉంటూ ఇరవై ఏళ్లు పలకరించుకోని అక్కచెల్లెళ్ల కథ. తొమ్మిదో పేజీలో, ఆవిడ వేలికి తగిలేలా, గట్టిగా ఒక గీత దించాడు.

"ముందు ఎవరు మాట్లాడతారు? అక్కా, చెల్లెలా?" అంది ఐలీ, పుస్తకం తడుముతూ. "వద్దులే, చెప్పకు. చెప్పావంటే కాఫీ బంద్."

ఈ పద్నాలుగు రోజులూ పరీక్ష రాసిన కుర్రాడిలా గడిపాడు రెయినో. నచ్చకపోతే? జీవితంలో మొదటిసారి ఒక పుస్తకం, ఇది చదవండని తన నోటితో చెప్పి ఇచ్చాడు. అందుకే ఇవాళ గడ్డం గీసుకున్నాడు.

రోడ్డు పక్కన మంచు మురికిగా కరుగుతోంది. ఐలీ ఇంటి పొగగొట్టం చల్లగా ఉంది. మెట్లమీద పొరుగింటి ఎల్మా, చేతిలో లైబ్రరీ సంచితో నిలబడి ఉంది. ఆ సంచి చూడగానే రెయినో మెట్ల కిందే ఆగిపోయాడు.

"సోమవారం పొద్దున," అంది ఎల్మా. "కుర్చీలోనే. లైటు వేసే ఉంది. నీ గురువారం కదా అని ఇది పట్టుకుని నిలబడ్డా."

అతను టోపీ తీశాడు.

"ఆదివారం కాఫీకి వస్తానని ఫోన్ చేస్తే రావద్దంది, చూడు. 'మంచి పట్టులో ఉన్నా, వచ్చి పాడుచెయ్యకు' అని పెట్టేసింది. ముప్పై ఏళ్లలో నన్ను రావద్దనడం అదే మొదలు." ఎల్మా కళ్లు తుడుచుకుంది. "ఏం పుస్తకమయ్యా అది?"

"అక్కచెల్లెళ్ల కథండి," అన్నాడు రెయినో.

వ్యానులో కూర్చుని పుస్తకం తీశాడు. నలభయ్యో పేజీలో చుక్క లేదు. మొత్తం రెండు వందల నలభై పేజీలు. పేజీ గుర్తుకి ఆవిడ ఎప్పుడూ పెట్టే తలపిన్ను రెండు వందల పన్నెండు దగ్గర ఉంది. అక్కచెల్లెళ్లు మాట్లాడుకునేది రెండు వందల ముప్పై ఒకటిలో.

ఇంజను ఆపేశాడు. అద్దం కిందికి దించి, ఆ ఇంటి కిటికీ వైపు తిరిగి, ఆవిడ ఆగిన చోటినించి పైకే చదవడం మొదలుపెట్టాడు. వేలు వాక్యం కింద పెట్టుకుని, తడబడుతూ, చివరిదాకా చదివాడు. పక్క ఊళ్లో తర్వాతి ఇంటివాళ్లు ఎదురుచూస్తుంటారని తెలుసు. చూడనీ అనుకున్నాడు.

"చెల్లెలేనండి ఐలీ గారూ," అన్నాడు చివర్న. "ముందు మాట్లాడింది చెల్లెలే."

జేబులోంచి పెన్సిలు తీసి నలభయ్యో పేజీ తెరిచాడు. మొన కాగితానికి ఆనించాడు కూడా. మాటిచ్చానని గుర్తొచ్చింది. పెన్సిలు మళ్లీ జేబులో పెట్టుకుని కాసేపు ఏడ్చాడు.

పక్క సీటు మీద పుస్తకం మూసి ఉంది. రెండు వందల పన్నెండో పేజీలోంచి తలపిన్ను కొస, దానికి చుట్టుకున్న ఒక తెల్లటి వెంట్రుక బయటికి కనిపిస్తున్నాయి.