అత్తయ్య నడిచిన దారి

మహిమ నందిగామలో లెక్కల టీచరు. ఊరి చివర, హైవేకి కొంచెం లోపలగా కొనుక్కున్న నూట ఎనభై గజాల స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి ఆమె, ఆమె భర్త బెన్ని ప్లాను గీయించుకున్నారు. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే బెన్నికి ఆ ప్లాను తెగ నచ్చింది. ముందు పెద్ద హాలు, దాని వెనక వంటగది, వంటగది పక్క నుంచి సందు, సందు చివర బెన్ని వాళ్లమ్మకి గది. బాత్‌రూం దొడ్డివైపు.

మహిమకి మాత్రం ఆ కాగితం చూసినప్పుడల్లా ఏదో వెలితిగా తోచేది. ఏమిటో చెప్పలేకపోయేది. కిందటేడు పక్షవాతం వచ్చినప్పటి నుంచి అత్తగారు ఆరోగ్యమ్మ కుడికాలు ఈడుస్తూ నడుస్తోంది. బాత్‌రూంకి వెళ్లాలన్నా కోడలి చెయ్యి పట్టుకోవాల్సిందే.

"వత్సవాయిలో ఏలీయా అని ఒక పెద్ద మేస్త్రి ఉన్నాడు. ఇప్పుడు పని చేయట్లేదు గానీ, అడిగితే సలహా చెప్తాడు. మా ఇల్లు చూశావు కదా, ఆయన చెప్పిందే," అంది స్కూల్లో తోటి టీచరు జాయిస్.

ఏలీయా ఆ శనివారమే బస్సు దిగాడు. డెబ్బై దాటిన మనిషి. కాగితం చేతికిస్తే కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"టీచరమ్మా, రేపు ఆరాధన అయ్యాక స్థలం మీద బాగా నీళ్లు చల్లించండి. ఒక బస్తా ముగ్గు తెప్పించండి. అమ్మని కూడా తీసుకురండి," అన్నాడు.

మర్నాడు తడిసిన నల్లరేగడి మీద అతను ముగ్గు పోస్తూంటే మహిమ రెప్ప వేయకుండా చూసింది. తాడు కట్టింది బయటి నాలుగు మూలలకే. లోపలి గోడలన్నీ అడుగులు లెక్కపెట్టుకుంటూ, గుప్పిట్లోంచి ముగ్గు జార్చుకుంటూ పోశాడు. నమ్మలేక బెన్ని టేపు పెట్టి కొలిచాడు. ఎక్కడా అంగుళం తేడా రాలేదు. కాగితం మీది ఇల్లు గంటలో నేల మీద పరుచుకుంది.

అమ్మ గది ఉండాల్సిన చోట ఏలీయా ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆరోగ్యమ్మని కూర్చోబెట్టాడు.

"చెల్లెమ్మా, ఇది నీ మంచం అనుకో. తెల్లారింది, లేచావు. అదిగో, ఆ మూల బాత్‌రూం. తర్వాత ఏం చేస్తావో, ఎటు వెళ్తావో వెళ్లు. ఈ గీతలు నీకు కాదు, మాకు. నువ్వు చూడొద్దు."

ఆరోగ్యమ్మ కొడుకు వంక బెదురుగా చూసి, నవ్వి, లేచింది. మహిమ పట్టుకోబోతే ఏలీయా వద్దని చెయ్యి ఊపాడు. ఆమె మెల్లగా బాత్‌రూం మూలకి వెళ్లింది. అక్కడి నుంచి మొహం కడుక్కున్నట్టు కొంగుతో తుడుచుకుని వీధివైపు వచ్చింది. కాసేపు నిలబడింది. టీ కోసం వంటగది వైపు మళ్లింది. మళ్లీ కుర్చీ దగ్గరికి. అలసిపోతే కూర్చునేది, తేరుకుంటే లేచేది. అలా మూడు గంటల దాకా తిరిగింది.

"ఇప్పుడు రండి," అన్నాడు ఏలీయా.

మహిమ చూసింది.

తడినేల మీద అత్తయ్య కుడిపాదం ఈడ్చిన చారలు. ఒకదాని మీద ఒకటి పడి, నాగలి చాలులా లోతుగా దిగాయి. ముగ్గు గోడల్ని ఎక్కడికక్కడ చెరిపేసుకుంటూ పోయాయి. హాలుకి అడ్డంగా కోసుకుంటూ, సందు జోలికే పోకుండా, అన్నీ తూర్పున వీధిపక్క ఒక్కచోటికి వచ్చి కలుస్తున్నాయి. పదిహేనేళ్లుగా పిల్లలకి రేఖాగణితం చెబుతున్న మహిమకి నేల మీద గీత ఇంత సూటిగా మాట్లాడుతుందని తెలియదు.

"ఇల్లు ఇక్కడుంది బాబూ," అన్నాడు ఏలీయా ఆ చోట గొంతుక్కూర్చుని. "అమ్మ గది ఇక్కడికి తెద్దాం. బాత్‌రూం దాన్ని ఆనుకుని. రెంటికీ మధ్య గడప వద్దు. గోడ పొడుగునా పట్టుకోడానికి కమ్మీ వేయించండి."

"హాలు బాగా తగ్గిపోతుందండీ. సోఫా సెట్టు పట్టదు," అన్నాడు బెన్ని నసుగుతూ.

"సోఫా ఎక్కడ వేస్తే అక్కడే ఉంటుంది బాబూ. తిరిగేది అమ్మ."

బెన్ని ఇంకేదో అనబోయి తల్లి గీసిన చారల వైపు చూశాడు. వంగి, హాలు పాత గీతని తానే చేత్తో తుడిచేశాడు.

ఏలీయా కొత్త గీతలు పోసి ఆరోగ్యమ్మ దగ్గరికి వచ్చాడు. "కిటికీ ఎటు పెట్టమంటావు చెల్లెమ్మా?"

ఆవిడకి ప్రశ్న అర్థం కాలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ ఆవిణ్ణి అడగని మాట అది. కొడుకుని చూసింది, కోడల్ని చూసింది. చివరికి హైవే వైపు చెయ్యి చూపించింది.

"కంచికచర్ల బస్సులు కనపడాలి అన్నా. మిరపకోతలకి ఎన్నేళ్లు ఎక్కానో ఆ బస్సులు. కూర్చుని చూడటం ఎప్పుడూ కుదర్లేదు."

ఏలీయా అక్కడ ముగ్గు గీతని మూడున్నర అడుగుల మేర తెంపి, పక్కనే ఒక రాయి పెట్టాడు.

ఇంజనీరు కొత్త కొలతలు చూసి, ఎవరు చెప్పారని రెండుసార్లు అడిగి, అలాగే గీసిచ్చాడు. వానలకి ముందే స్లాబు పడింది. క్రిస్మస్‌కి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు.

కొత్తింట్లో మొదటి ఉదయం మహిమ అలవాటుగా లేచి అత్తగారి గదికి వెళ్లింది. మంచం ఖాళీగా ఉంది. బాత్‌రూంలో చూసింది, లేదు. "అత్తయ్యా!" అని అరుస్తూ వీధివైపు వరండాలోకి పరుగెత్తింది.

ఆరోగ్యమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. మొహం కడుక్కుంది. చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు ఇంకా తడిగా ఉన్నాయి. తల దువ్వుకుని చిన్న ముడి కూడా పెట్టుకుంది.

"ఎలా వచ్చావు?"

"నడిచి," అంది ఆవిడ, తనకే నమ్మశక్యం కానట్టు. "నువ్వు నిద్రపోతున్నావు కదా, లేపడం ఎందుకని."

మహిమ అక్కడే, అత్తగారి కాళ్ల దగ్గర, చల్లటి కొత్త బండల మీద కూర్చుండిపోయింది.