అడిగి తెచ్చుకున్న పేరు

మా తమ్ముడు పోయిన ఐదో రోజున దశదినకర్మ కార్డు అచ్చు వేయించడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. రాసే పని ఏదైనా మా ఇంట్లో నాకే వస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను.

మెట్రో స్టేషన్ కింద సందులో ఉన్న ఆ ప్రెస్సు త్రినాథరావు గారిది. ఆయనది కాకినాడ వైపు. మా స్కూలు ప్రశ్నపత్రాలు ఆయనే వేసేవారు కనుక పాత పరిచయం. నేను రాసి తెచ్చిన కాగితం తీసుకుని, ఫొటో వంక కాసేపు చూశారు.

“చిన్నవాడేనండీ. ఎన్నేళ్ళు?”

“నలభై నాలుగు. గుండెనొప్పి. షోరూములో పని మీద ఉండగానే.”

ఆయన తల దించుకుని కాగితం చదివారు. “శ్రవణ్‌కుమార్. పక్కన బ్రాకెట్లో పిలుపు పేరు వేద్దామా మేడం? ఈ మధ్య అందరూ వేయించుకుంటున్నారు. మా బావమరిది పోయినప్పుడు కార్డు మీద సత్యవెంకట అంటూ బారెడు పేరు వేశాను. వాడేమో ఊరందరికీ చంటోడండీ. సగం మంది ఎవరో పోయారనుకుని భోజనానికి వచ్చి, ఫొటో చూశాక ఏడ్చారు.”

“పిలుపు పేరేమీ లేదండీ” అన్నాను.

ఆ అబద్ధం చెప్పడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నమూనా ఫోనుకు పంపుతానని, చూసి చెబితే సాయంత్రానికి వేసి ఉంచుతానని ఆయన అన్నారు.

ఎల్బీనగర్‌లో తమ్ముడి ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మరదలు రజిత లోపల పడుకుంది. అమ్మ పేరు భూలక్ష్మి. పోచంపల్లి దగ్గర మగ్గం ఇంట్లో పుట్టింది, మగ్గం ఇంట్లోకే కోడలుగా వచ్చింది. అక్షరం రాదు. ఫోనులో నమూనా రాగానే చదివి వినిపించమంది. చదివాను.

“వాని పేరేది?” అంది అమ్మ.

“చదివిన గదమ్మా. శ్రవణ్‌కుమార్.”

“అది సర్కారు పేరు. వాని పేరేదని అడుగుతున్న.”

నేను ఫోను పక్కన పెట్టాను.

“బడిల సర్కారోళ్ళు ఒప్పుకోరంటివి, సరేనంటి. నౌకరిల ఒప్పుకోరంటివి, సరేనంటి. లగ్గం కార్డుల గూడ వద్దంటివి. ఇప్పుడు మనిషే పాయె. సచ్చినోని పేరుతోని సర్కారుకేం పని స్వర్ణా?”

ఆమె నిజంగానే అడిగింది. ఎత్తిపొడుపు కాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అమ్మ నమ్ముతున్న ఆ సర్కారు నియమాన్ని సృష్టించింది నేనే.

తమ్ముడి పేరు బిక్షపతి. నా తరువాత అమ్మకు పుట్టిన ఇద్దరు మగపిల్లలు దక్కలేదు. ఒకడు తొమ్మిది రోజులు బతికాడు, ఇంకొకడు నాలుగు నెలలు. మూడోవాడు పుట్టిన ఇరవై ఒకటో రోజున అమ్మ వాణ్ణి ఎత్తుకుని, కొంగు చాపి ఐదిళ్ళ ముందు నిలబడింది. ఒక్కో ఇంటివాళ్ళు గుప్పెడు బియ్యం వేశారు. ఆ బియ్యం వండుకుని తిని, బిడ్డకు ఆ పేరు పెట్టింది. ఈ బిడ్డ మా సొంతం కాదు, అడుక్కుని తెచ్చుకున్నాం, వీణ్ణి తీసుకుపోయినా నీకేమీ రాదు అని చావుకు చెప్పుకోవడం అది. బిక్షం పోసిన ఐదిళ్ళకూ బిడ్డ మీద వాటా ఉంటుంది. మంచికైనా చెడుకైనా ముందు వాళ్ళకే కబురు వెళ్ళాలి.

శివుడి పేరని కూడా చెప్పవచ్చు. భిక్షాపాత్ర పట్టుకు తిరిగినవాడు ఆయనే కదా. తరగతిలో ఆ మాట ఒక్కసారి చెప్పి ఉంటే పిల్లలు ఊరుకునేవారేమో. నేను చెప్పలేదు.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది వాణ్ణి ఊరినుంచి తెచ్చి మా స్కూల్లోనే తొమ్మిదిలో చేర్పించాను. అంతకు పదేళ్ళ ముందైతే తరగతికి ముగ్గురు బిక్షపతులు, ఇద్దరు పెంటయ్యలు ఉండేవారట. నేను హాజరు పిలిచే నాటికి అంతా నరేష్‌కుమార్‌లు, ప్రసన్నకుమార్‌లు. తరువాత అలేఖ్యలు, జ్యోతికలు వచ్చారు. ఇప్పుడు నా రిజిస్టరులో ఉన్న పేర్ల అర్థం వాటిని పెట్టిన తల్లిదండ్రులకే తెలియదు. ఆ తొమ్మిదో తరగతిలో మాత్రం ఒక్కడే బిక్షపతి. నేను ఆ పేరు పిలవగానే వెనక బెంచీల్లో పిల్లలు దోసిళ్ళు పట్టేవారు. వాడు “ప్రెజెంట్ టీచర్” అని కూర్చునేవాడు. స్టాఫ్ రూములో ఎవరో అడిగితే మా ఊరి అబ్బాయి అని చెప్పాను.

మరుసటి ఏడాది పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే నామినల్ రోల్సు వచ్చాయి. అందులో ఏ పేరు రాస్తే జీవితమంతా ఆ పేరే. నా దస్తూరి బాగుంటుందని వాటిని రాసే పని నాకిచ్చారు. వాడి వరుస వచ్చినప్పుడు వాణ్ణి పిలిపించి, పేరు మారుస్తున్నానని చెప్పాను. అడగలేదు, చెప్పాను. శ్రవణ్‌కుమార్ అన్నది దుకాణంలో చీర రంగు ఎంచినట్టు ఎంచాను. వాడు టేబుల్ పక్కన నిలబడి కాసేపు ఆ కాగితం చూశాడు.

“అమ్మకేం చెప్దాం టీచర్?” అన్నాడు.

అమ్మకు నేను చెప్పాను. ఇలాంటి పేర్లు సర్కారు తీసేసిందని, మార్చకపోతే పరీక్ష రాయనివ్వరని. అమ్మ వేలిముద్ర వేస్తూ ఒకటే అడిగింది. “వీని పానం మీదికి రాదు గదా?” రాదన్నాను.

“అరుణమ్మకు ఫోన్ చెయ్” అంది అమ్మ ఇప్పుడు. “ఐదిండ్లల్ల ఇంక మిగిలింది ఆమె ఒక్కతే. ముందుగాల ఆమెకే చెప్పాలె, ఈ దుఃఖంల మరిసిన. లగ్గానికి నేనే పోయి నోటితోని చెప్పొచ్చిన. ఇప్పుడు నాకు కాళ్ళు ఆడ్తలెవ్వు.”

అరుణమ్మ గారిది మా ఊళ్ళో పెద్ద రైతు కుటుంబం. ఇప్పుడు హయత్‌నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. అమ్మకు వినబడాలని స్పీకరు పెట్టాను.

“పెద్దమ్మా, నేను స్వర్ణలతను. భూలక్ష్మి బిడ్డను. మా తమ్ముడు పోయిండు.”

“అయ్యో బిడ్డా. ఏ తమ్ముడు?”

“శ్రవణ్‌కుమార్.”

“గా పేరుతోని మీకెవరున్నరు? మీ చిన్నాయన కొడుకా?”

అమ్మ నా ముఖంలోకి చూస్తోంది. వాడి అసలు పేరు నా నోటితో పలికి ఎన్నేళ్ళైందో.

“బిక్షపతి” అన్నాను.

ఆమె గొంతు మారింది.

“మొన్న దసరాకు జమ్మి తెచ్చిచ్చిండు గదనే. ఏడాదికొక్కపాలి తప్పకుంట ఒస్తడు. వాకిట్ల నిలబడి, ‘పెద్దమ్మా, మీ బిక్షపతి ఒచ్చిండు, ఇంత బువ్వ పెడ్తవా’ అంటడు. ‘మేనేజరువైనవ్, గట్ల అడుగుతవేందిరా’ అని నవ్వుత. ‘గీ పేరుతోని పిలిచే ఇల్లు ఇదొక్కటే మిగిలె పెద్దమ్మా’ అంటడు. మా అక్కకు చెప్పకుండ్రి, చిన్నబుచ్చుకుంటది అన్నడు. అందుకే నీకెన్నడు చెప్పలే బిడ్డా.”

వస్తానని, కొడుకు తీసుకువస్తాడని చెప్పి ఆమె పెట్టేశారు.

“చిన్నబుచ్చుకునుడేంది?” అంది అమ్మ. “సర్కారు మారిస్తే నువ్వెందుకు చిన్నబుచ్చుకుంటవ్?”

అప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పగలిగేదాన్ని. అమ్మ నమ్మేది. అసలు భయం వేరే ఉంది. నిజం తెలిస్తే, వాడి ప్రాణానికి కాపలాగా తాను నిలబెట్టుకున్న పేరును కూతురే తీసేసిందని అమ్మ చచ్చేదాకా అనుకుంటుంది. అలాంటి నమ్మకాలు నాకు లేవు. అయినా ఐదు రోజులుగా నేను అనుకుంటున్నదీ అదే.

“సర్కారు మార్చలేదమ్మా. గట్లాంటి రూలు ఏది లేకుండె. నేనే మార్చిన. పిల్లలు నవ్వుతుంటే నాకు సిగ్గనిపించింది.”

“వానికెర్కనా?”

“ఎరుకే. నీకు చెప్పొద్దన్న. చెప్పలే.”

అమ్మ కాళ్ళ మీద చీర సర్దుకుంది.

“నేను నిన్ను ఒక్కటే అడిగిన ఆనాడు” అంది.

ఏమడిగిందో ఇద్దరికీ గుర్తుంది. అమ్మ తిట్టి ఉంటే బాగుండేది.

నేను బయటికి వచ్చి త్రినాథరావు గారికి ఫోన్ చేశాను. ఫొటో కింద పెద్ద అక్షరాల్లో బిక్షపతి అని, షోరూము వాళ్ళకు తెలియడానికి బ్రాకెట్లో శ్రవణ్‌కుమార్ అని వేయమన్నాను.

“పిలుపు పేరు లేదన్నారు కదండీ?”

“ఉంది. నేనే చెప్పలేదు.”

“అలాగేనండీ” అన్నారాయన.

సాయంత్రం కార్డుల కట్ట తెచ్చి అమ్మ ముందు పెట్టాను. ఇంతకాలం ఇంటికి ఏ కాగితం వచ్చినా, కరెంటు బిల్లైనా దవాఖాన చిట్టీ అయినా, నేను వచ్చేదాకా కొంగున ముడేసుకుని ఉంచేది. ఇంకెవరు చదివినా ఒప్పుకునేది కాదు. చదవడానికి నేను కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను.

అమ్మ కట్టలోంచి ఒక కార్డు లాగి, నన్ను దాటి చెయ్యి చాపింది. “ఇందూ, ఇటు రా బిడ్డా. జర గిది చదువు.”

ఇందు తమ్ముడి కూతురు. ఇంగ్లీషు మీడియంలో తొమ్మిదో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది.

“అత్తమ్మ చదువుతది గద నానమ్మా. నాకు లేటైతది.”

“కానియ్. నువ్వే చదువు. ఏముంటే గదే చదువు.”

ఇందు నా వంక చూసి, కార్డు వెలుగుకు పట్టుకుని మొదలుపెట్టింది. తండ్రి పేరు దగ్గర ఆగింది. అక్షరం అక్షరం కలుపుకుని బిక్షపతి అని చదివింది. బ్రాకెట్లో ఉన్నది చదివింది. తేదీ, చోటు, కిందమూల చిన్న అక్షరాల్లో ఉన్న ప్రెస్సు ఫోన్ నంబరు కూడా చదివింది.

అమ్మ అంతా విని, మళ్ళీ మొదటినుంచి చదవమంది.