మూడో తప్పు

సైన్సు పంతులమ్మకి కడుపు మండిపోయింది. మండదూ మరి! ఆ పెద్దమనిషి చేసిన పని అలాంటిది.

ఆవిడ ప్రతి పాఠంలోనూ కావాలని ఒక తప్పు దాచిపెడుతుంది. పట్టుకున్నవాళ్ళ చేతికి సుద్దముక్క ఇచ్చి బోర్డు దగ్గరికి పంపుతుంది. ఇక కాసేపు వాళ్ళదే రాజ్యం. తప్పు కనిపించినా నోరు మెదపనివాళ్ళు మాత్రం గంట కొట్టేదాకా తలుపు పక్కన నిలబడాలి. ఒకప్పుడు కిటికీలోంచి కాకుల్ని చూస్తూ కూర్చున్న ఏడో తరగతి, ఈ ఆటతో ఆవిడ నోటివంక కన్నార్పకుండా చూడటం మొదలెట్టింది. ఆవిడ సెలవు పెడితే "మేడం రాలేదేం?" అని ఆఫీసు గదికి వెళ్ళి అడిగే పిల్లలయ్యారు.

ఆ ఆటను సీనియరు సారు కొట్టేశాడు. పిల్లలు ఆయనకి పెట్టుకున్న పేరు జోలపాట సారు. పాత నోట్సు తెరిచి ఒకే రాగంలో చదువుకుంటూ పోతాడు, వెనక బెంచీలు హాయిగా నిద్రపోతాయి. అలాంటాయన "ఏదో నేర్చుకుందామనమ్మా" అంటూ వారంపాటు ఆవిడ క్లాసులో కూర్చుని, ఆనక స్కూలు యజమానురాలి దగ్గరికెళ్ళి ఇదంతా తన బుర్రలో పుట్టిన పద్ధతని చెప్పుకున్నాడు. యజమానురాలు మురిసిపోయి, సోమవారం స్వయంగా వచ్చి ఆయన పాఠం వింటానంది. నచ్చిందా, ఏడో తరగతి ఆయనది. పంతులమ్మ లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వేసుకుంటూ కూర్చోవాలి.

పైగా సిగ్గూ శరం లేకుండా వచ్చి అడిగాడు. "అమ్మా, గ్రహాల పాఠం చెబుతున్నా. ఏ తప్పు పెడితే బాగుంటుందంటావ్?"

"చంద్రుడికి సొంత వెలుగుందని చెప్పండి సార్. ఇట్టే పట్టేస్తారు" అంది పంతులమ్మ, నవ్వుతూ.

"మహాతల్లివి!" అనుకుంటూ వెళ్ళాడు.

అసలు సంగతి మాత్రం ఆవిడ చెప్పలేదు. పిల్లలు ఒక్క తప్పుతో ఆగరని చెప్పలేదు. దొరికిపోయినప్పుడు మనస్ఫూర్తిగా నవ్వడం చేతకాకపోతే ఆటంతా చెడుతుందనీ చెప్పలేదు. ఆయన నోట్సు ఏ కాలం నాటిదో ఆవిడకి బాగా తెలుసు. పడనీ, గోతిలో పడనీ అనుకుంది.

ఇంట్లో ఈ మాట చెబితే, ఉతికిన బట్టలు మడతపెడుతున్న అక్క చెయ్యి ఆగింది. "ఆయన్ని ఏమైనా చేసుకో. పిల్లల్ని మధ్యలోకి లాగకే."

"నేనేం లాగాను? నా పిల్లలు నేను నేర్పిందే చేస్తారు."

"నీ పిల్లలంటూనే ఎగదోస్తున్నావ్ చూడు."

"నీకేం తెలుసే నా మంట!" అని విసురుగా లేచిపోయింది.

సోమవారం పొద్దున్నే క్లాసుకెళ్ళి చెప్పింది. "ఇవాళ సారు పాఠం. ఒక్క తప్పు కూడా వదలొద్దు."

"సారు కోప్పడితే?" అంది ముందు బెంచీలో కూర్చునే పిడుగు. మనిషి చూస్తే చిటికెడు, నోరు చూస్తే ఊరంత.

"ఎందుకు కోప్పడతారే? నేను వెనకే ఉంటాగా."

యజమానురాలు వచ్చి వెనక బెంచీలో పంతులమ్మ పక్కన కూర్చుంది. సారు గొంతు సవరించుకుని చంద్రుడి సొంత వెలుగు గురించి చెప్పాడో లేదో, సగం క్లాసు చేతులెత్తింది. సుద్దముక్క ఇచ్చాడు, చప్పట్లు కొట్టించాడు, గర్వంగా యజమానురాలివైపు చూశాడు. ఆవిడ తల ఊపింది.

తర్వాత నోట్సు తెరిచాడు. "మొత్తం గ్రహాలు తొమ్మిది."

"ఎనిమిదే సార్! ప్లూటోని ఎప్పుడో తీసేశారు!"

యజమానురాలు ఫక్కున నవ్వింది. సారు చెవులు ఎర్రబడ్డాయి. పంతులమ్మ లోలోపల చంకలు గుద్దుకుంది.

"వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా జరుగుతుంది. అందుకే ఎండలు" అన్నాడు గబగబా. మళ్ళీ పిడుగు చెయ్యి లేచింది.

"దగ్గరికి జరిగితే భూమంతా ఒకేసారి వేసవి రావాలి కదా సార్? మనకి ఎండలప్పుడు అవతలి సగంలో చలికాలం కదా!"

"నోర్ముయ్! ఎవరు నేర్పారే నీకీ పొగరు? నడు బయటికి!" సారు చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది.

యజమానురాలి మొహంలో నవ్వు మాయమైంది. అదీ దెబ్బ! నా ఆట దొంగిలిస్తావా, అనుభవించు! పంతులమ్మకి ఒళ్ళంతా పులకరించింది. తలుపు దాకా వెళ్ళిన పిడుగు ఆగి, వెనక బెంచీవైపు చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. పంతులమ్మ కిటికీవైపు తల తిప్పుకుంది. ఇప్పుడు లేచి మాట్లాడితే తన కుట్ర బయటపడుతుందేమోనని భయం. పిల్ల బయటికి వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా ఏడో తరగతి ఆవిడదేనని కబురొచ్చింది. జోలపాట సారు మొహం చెల్లక సెలవు పెట్టాడు. ఆ రాత్రి ఆవిడ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు హుషారుగా క్లాసుకెళ్ళి, బోర్డు మీద "సూర్యుడు ఒక గ్రహం" అని రాసి వెనక్కి తిరిగింది. ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఏంట్రా, ఎవరికీ కనిపించలేదా?"

పిడుగు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"నీకూ కనిపించలేదా?"

"కనిపించింది మేడం."

"మరి చెయ్యెత్తలేదేం?"

"నిన్న మూడో తప్పు మీక్కూడా కనిపించింది కదా మేడం" అంది పిల్ల మెల్లిగా. అందులో పొగరు లేదు, దెప్పడం లేదు. "వెనకే ఉంటానన్నారు. మీరూ ఎత్తలేదు."

పంతులమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి, వెళ్ళి తలుపు పక్కన నిలబడింది.

ఒక్కరూ నవ్వలేదు. చాలాసేపటికి పిడుగు లేచింది. బల్ల మీది సుద్దముక్క తీసుకుని, "గ్రహం" కొట్టేసి "నక్షత్రం" అని రాసింది. ఆవిడవైపు చూడకుండానే వెళ్ళి తన చోట్లో కూర్చుంది.

పంతులమ్మ అలాగే నిలబడి ఉంది. గంట కొట్టడానికి ఇంకా టైముంది.