అరవై అడుగుల కాగితం, యాభై తొమ్మిది అడుగుల నేల

నేను ఒక ఇటుకను. బట్టీలో కాలిన జాతి కాదు, ప్లాస్టిక్ జాతి. పొడవు నాలుగు బుడిపెలు, వెడల్పు ఒక్క బుడిపె. పిల్లలు ఒకదాని మీద ఒకటి గుచ్చి ఆడుకునే బొమ్మ ఇటుకలుంటాయే, ఆ కోవ. నవ్వకండి. నా మీద నాలుగేళ్లు దావా నడిచింది. మీలో ఎంతమంది నెత్తిన కోర్టు వారు లక్కముద్ర వేశారు? నా నెత్తిన వేశారు. కాబట్టి కాస్త గౌరవంగా వినండి.

నా పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ప్లాస్టిక్ గింజల్ని కరిగించి ఇనప అచ్చులోకి ఒత్తారు, చల్లారగానే తొట్టిలోకి నెట్టారు. ఆ నిమిషంలో నాతోపాటు ఎంతమంది పుట్టారో నాకే తెలీదు. అందరం ఒకే కొలత. వెంట్రుకవాసి తేడా వచ్చినవాళ్లని పక్కకి తీసి మళ్లీ కరిగించేస్తారు. మనుషుల్లో ఈ ఏర్పాటు లేదని తర్వాత తెలిసి జాలిపడ్డాను.

మొదట హైదరాబాదులో ఒక ఇంటికి వెళ్లాను. పాప మొదటి పుట్టినరోజుకని తండ్రి పెద్ద కోట పెట్టె కొన్నాడు. పాప అట్టపెట్టెతో ఆడుకుంది, తండ్రి కోటతో ఆడుకున్నాడు. పళ్లొచ్చే వయసు కదా, పాప చేతికి చిక్కిన ఆ ఒక్కరోజే నా మూలని బాగా నమిలింది. ఆ గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. కోట మీద మోజు తీరాక ఆయన మమ్మల్ని గోనెసంచిలో పోసి తూకానికి అమ్మేశాడు. కోటలన్నిటి గతీ అంతేనని సంచిలో పెద్దలు అన్నారు.

ఆ సంచి చేతులు మారి మారి సామర్లకోట చేరింది. కొన్నావిడ సువర్చల గారు, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. పిల్లలకి భిన్నాలు ఎక్కడం లేదని మమ్మల్ని బడికి పట్టుకెళ్లింది. ఎనిమిది బుడిపెల ఇటుక ఒకటైతే నేను సగం. ఏడాదంతా ‘సగం, సగం’ అనిపించుకున్నాను. పిల్లలకి భిన్నాలు వచ్చాయో లేదో కానీ నాకు మాత్రం బాగా వచ్చాయి.

ఎండాకాలం సెలవుల్లో ఆవిడ ఊరికే కూర్చోలేక మాతో ఎదురింటి అరుగు కట్టింది. అరుగు బాగా కుదిరింది. అరుగుకి ఇల్లు కట్టింది. ఇల్లు ఒంటరిగా ఉందని పక్కిల్లు కట్టింది. ఇక ఆగలేదు. ముందుగదిలో బల్ల వేసి తానుండే వీధి మొత్తం మొదలుపెట్టింది. ‘టీచరు గారికి చిన్నతనం ముదిరిందండోయ్’ అని వీధి నవ్వింది. భర్త భాస్కరం గారు మాత్రం నవ్వలేదు. ఆయన భోజనం బల్ల అదే మరి, కంచం ఒళ్లో పెట్టుకుని తినడం అలవాటు చేసుకున్నాడు.

లెక్కల మనిషి కదా, ఆవిడ ఉజ్జాయింపుగా ఏదీ కట్టదు. పొద్దున్నే గొడుగు, టేపు పట్టుకుని బయల్దేరేది. కరెంటు స్తంభం దగ్గర్నుంచి కొలత మొదలు. ఒక అడుగంటే ఒక బుడిపె. అన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కేవి. ఇస్త్రీ బండి, వంగిన ట్రాన్స్‌ఫార్మరు, మూత లేని కాలవ, ఏదీ వదల్లేదు.

అప్పుడు చూడాలి జనాన్ని. నవ్విన వాళ్లే ఒక్కొక్కరూ తమ ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. వచ్చి ఊరుకుంటారా? ఒకాయన, “మేడ మీద ఇంకో అంతస్తు ఏసెయ్యండి టీచరు గారూ, ఎలాగూ వచ్చే ఏడు కట్టేత్తాం కదా” అన్నాడు. ఒకావిడ, “మా ఇంటి ముందు ఆ కాలవ తీసెయ్యండమ్మా, చూసినోళ్లు ఏవనుకుంటారు?” అంది. నిజం కాలవ గురించి ఆవిడ ఏనాడూ ఎవరినీ అడగలేదు. టీచరు గారు అందరికీ ఒకటే జవాబు చెప్పేది. “మీరు అక్కడ మార్చండి, నేను ఇక్కడ మారుస్తాను.”

పన్నెండు ఇళ్లలో పదకొండు పూర్తయ్యాయి. మిగిలింది ఆవిడ సొంత ఇల్లే. కావాలనే ఆఖరికి ఉంచుకుంది. పిల్లలు పూర్ణంబూరె చుట్టూ కొరుక్కు తిని పూర్ణం ఆఖర్న దాచుకుంటారు చూడండి, అలాగ. ఇరవయ్యేడేళ్లు బదిలీల మీద ఊళ్లు తిరిగి, గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్లని బతిమాలుకున్న మనిషి. వీధి చివర ఆ రెండు గదుల ఇల్లు కట్టుకున్న రోజున గడప మీద కూర్చుని ఏడ్చిందట. ఆ ఇంటికి కావలసిన ఇటుకలు ఏరి, కడిగి, స్టీలు డబ్బాలో విడిగా పెట్టింది. కాకినాడలో చేతిపనుల ప్రదర్శనకి పేరిచ్చింది. మూడు వారాల టైముంది. మమ్మల్ని గుచ్చిన పలక మీద, వీధి చివర తన ఇంటి స్థలం ఖాళీగా ఉంది. ఆ ఖాళీ వైపు చూస్తూ ఆవిడ కాఫీ తాగడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

ఇక నా ఉద్యోగం సంగతి. గున్నేశ్వరరావు గారి ఇంటికీ తాతబ్బాయి గారి ఇంటికీ మధ్య ప్రహరీగోడ మేమే. పదిమందిమి వరసగా ఉంటాం, వీధివైపు మొదటిదాన్ని నేను. గున్నేశ్వరరావు రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయాడు. జీవితమంతా పచ్చజెండా ఊపినవాడు, ఇంటికొచ్చాక ఎర్రజెండా దించలేదు. తాతబ్బాయికి బట్టల కొట్టు. గజానికి నాలుగు వేళ్లు తగ్గించి కొలుస్తాడని ప్రతీతి, తన స్థలం విషయంలో మాత్రం అంగుళం వదలడు. ఇద్దరికీ ఆ గోడ గురించి పదిహేనేళ్లుగా మాటల్లేవు. గోడ నాదంటే నాదని.

ఒక మధ్యాహ్నం గున్నేశ్వరరావు వచ్చాడు. తన ఇల్లు చూశాడు, సంతోషించాడు. కళ్లు నా మీద పడ్డాయి. టీచరు గారు కాఫీ తేవడానికి లోపలికి వెళ్లగానే, నన్ను పీకి, ఒక బుడిపె తాతబ్బాయి వైపు జరిపి గుచ్చాడు. గుచ్చి, కాఫీ తాగి, చక్కెర తక్కువైందని చెప్పి వెళ్లాడు. మర్నాడు తాతబ్బాయి వచ్చాడు. చూశాడు. నన్ను పీకి రెండు బుడిపెలు గున్నేశ్వరరావు వైపు జరిపాడు. మిగతా తొమ్మిదిమందీ నిటారుగా ఉన్నారు, నేనొక్కదాన్నే పళ్లవరసలో వంకరపన్నులా ఉన్నాను. సాయంత్రం టీచరు గారు వచ్చి నన్ను సరిచేసేది. నాలుగు రోజులు ఇదే వరస. నా బుడిపెలు అరిగాయి.

అయిదో రోజు ఇద్దరూ ఒకేసారి వచ్చారు. ఒకరి చెయ్యి నా మీద, ఇంకొకరి చెయ్యి ఆ చేతి మీద.

“ఏటండీ ఇది?” అంది టీచరు గారు.

“మీరే చెప్పండి. గోడ ఎవరి జాగాలో ఉందో కొలిచేరు కదా మీరు!” అన్నాడు గున్నేశ్వరరావు.

అక్కడ ఆవిడ తప్పు చేసింది. సామర్లకోటలో బతకదలచినవాళ్లు ఎవరూ చెయ్యకూడని తప్పు. నోటుపుస్తకం తెచ్చి నిజం చెప్పింది.

“అటు ఇరవై తొమ్మిది. ఇటు ఇరవై తొమ్మిది. మధ్యన గోడ ఒక అడుగు. మొత్తం యాభై తొమ్మిది. మీ ఇద్దరి కాగితాల్లోనూ చెరో ముప్పై ఉందంటున్నారు, అంటే అరవై. మీకు అమ్మినాయన కాగితం మీద అరవై రాశాడు, నేల మీద యాభై తొమ్మిదే ఉంది. గోడ ఎవరిదైతే వాళ్లకి ముప్పై, రెండోవారికి ఇరవై తొమ్మిది. చెరి సగం అనుకోండి, గొడవే లేదు.”

మూడో తరగతి పిల్లకి అర్థమయ్యే లెక్క. కానీ ఆ ఇద్దరూ మూడో తరగతి దాటి చాలా కాలమైంది. ‘గోడ ఎవరిదైతే వాళ్లకి ముప్పై’ దాకా విన్నారు. ఆ తర్వాత చెవులు పనిచెయ్యలేదు. “విన్నారా, నాకు ముప్పై అన్నారు” అని ఇద్దరూ చెప్పుకుంటూ మెట్లు దిగారు.

గున్నేశ్వరరావు తిన్నగా ప్లీడరు దగ్గరికి వెళ్లి, గోడ తనదని దావా వేశాడు. ఏ పక్షానికీ చెందని ఉపాధ్యాయురాలు కొలతలతో తయారుచేసిన నమూనా ఒకటుందనీ, ప్రతివాది దాన్ని రోజూ జరుపుతున్నాడనీ, సాక్ష్యం చెడిపోకుండా కాపాడాలనీ ప్లీడరు దరఖాస్తు పెట్టాడు. తాతబ్బాయి ప్లీడరు దాన్ని ఎదుర్కోవాలి కదా? లేదు. జరిపేది వాదియేనని, కాబట్టి మాకూ అదే ఉత్తర్వు కావాలని అడిగాడు. పదిహేనేళ్లలో ఇద్దరూ ఏకీభవించింది అదొక్కచోటే. కోర్టు పంపే కమిషనరు వచ్చి చూసేదాకా నమూనాని ఉన్నదున్నట్టు ఉంచాలని ఉత్తర్వైంది.

కోర్టు అమీను కాగితాలు, లక్క, కొవ్వొత్తి పట్టుకుని వచ్చాడు. నా మీద చీటీ అంటించి, మండే లక్క బొట్టు వేసి, ముద్ర నొక్కాడు. నా రెండో బుడిపె అప్పుడే కరిగింది. నొప్పి సంగతి అలా ఉంచండి, ఆ క్షణంలో కొంచెం గర్వం కూడా కలిగింది, దాచను.

టీచరు గారు స్టీలు డబ్బా చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

“ఇదిగోనండీ, మా ఇల్లు ఒక్కటే మిగిలింది. చివర్న, ఆ ఖాళీలో. దానికీ ఆ గోడకీ సంబంధం లేదు. అది కట్టుకోవచ్చు కదా?”

అమీను పాపం మంచివాడు. బల్లంతా చూసి తల గీరుకున్నాడు. “ఉన్నదున్నట్టు ఉంచమన్నారండమ్మా. కాళీ ఉంటే కాళీగానే ఉంచాలండి.”

ఆవిడ ముట్టుకోనని రాసి సంతకం పెట్టింది. డబ్బా మూత పెట్టి అలమారలో పెట్టింది. ఆ రోజు ఆవిడ ముఖం చూడలేకపోయాను.

కమిషనరు రాలేదు. వాయిదా పడింది. మళ్లీ వాయిదా పడింది. ప్లీడరుకి జ్వరం, జడ్జీకి బదిలీ, గుమాస్తా ఇంట్లో పెళ్లి. కాకినాడ ప్రదర్శన వచ్చింది, వెళ్లింది. మరుసటి ఏడూ వచ్చింది, వెళ్లింది. మా మీద దుమ్ము పేరుకుంది, తుడిస్తే నేరమేమోనని ఆవిడ తుడవలేదు. ఇస్త్రీ బండి మీద సాలీడు కాపురం పెట్టింది, దాన్ని మాత్రం ఏ కోర్టూ ఆపలేకపోయింది.

“ఎవరు చూడొచ్చారు? ఓ పూట కట్టేసుకో” అన్నాడు భాస్కరం గారు.

“సంతకం పెట్టానండీ.”

“పోనీ, వేరే పలక మీద విడిగా కట్టుకో.”

“వీధిలో లేని ఇల్లు ఇల్లెలా అవుతుంది?” అంది ఆవిడ. ఆయన కంచం ఒళ్లో సర్దుకున్నాడు.

ఈ నాలుగేళ్లలో ఒక సంగతి నన్ను బాగా కలచివేసింది. నేను వాదిదాన్నా ప్రతివాదిదాన్నా అని ఇద్దరు ప్లీడర్లు, నలుగురు గుమాస్తాలు బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. నన్ను కొన్నదెవరు, తెచ్చిందెవరు, కడిగి బల్ల మీద పెట్టిందెవరు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే దావా అయిదు నిమిషాల్లో తేలిపోయేది.

చివరికి తేలింది ఎలాగో వినండి. అపార్ట్‌మెంట్లు కట్టే ఆసామి ఒకాయన వచ్చి, రెండు స్థలాలూ కలిపిస్తే చెరో రెండు ఫ్లాట్లు ఇస్తానన్నాడు. గున్నేశ్వరరావు, తాతబ్బాయి ఒకే పెన్నుతో సంతకాలు పెట్టారు. పొక్లెయిన్ వచ్చింది. పందొమ్మిదేళ్ల పగ నిలబెట్టిన గోడ ఇడ్లీలు ఉడికేలోపు నేలమట్టమైంది. దావా ఉపసంహరించుకున్నారు. మా టీచరు గారికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆవిడే కోర్టుకి మూడుసార్లు తిరిగి, ముద్ర తీసెయ్యవచ్చని కాగితం తెచ్చుకుంది. అప్పటికి ఆవిడ రిటైరైంది కూడా.

ఆ పూట కొంగు బిగించి బల్ల ముందు కూర్చుంది. తడిగుడ్డతో వీధంతా తుడిచింది. లక్క గీకి నన్ను పీకింది. అరచేతిలో పెట్టుకుని, పాప పళ్ల గాటు, కరిగిన బుడిపె చూసి నవ్వింది. తర్వాత డబ్బా తెరిచింది. సాయంత్రానికి రెండు గదులు లేచాయి, కిటికీలు వచ్చాయి, పైకప్పు పడింది. గుమ్మం దగ్గర ఆగి, నన్ను తీసి ఆ ఇంటికి గడపగా గుచ్చింది. ఎవరి గోడనో తేలని నేను ఒక గడపనయ్యాను. సంతోషంతో ఏడుపొచ్చింది. ప్లాస్టిక్ కాబట్టి బయటికి రాలేదు.

ఆవిడ కాఫీ ఇంకా పూర్తికాలేదు, తలుపు చప్పుడైంది. గున్నేశ్వరరావు, తాతబ్బాయి. చేతిలో కాజాల పొట్లం. బల్ల దగ్గరికి వచ్చి, కూలిపోయిన తమ ఇళ్లు నిలబడి ఉంటే చూసి ఒక క్షణం ఎవరి గుమ్మం వాళ్లు వేలితో తడిమారు. నా మనసు కూడా కరిగింది. ఆ క్షణం అయిపోయింది.

“టీచరు గారూ, అపార్ట్‌మెంటు కింద కార్లు పెట్టుకునే జాగా గీసిచ్చేడండీ ఆ కట్టేటాయన” అన్నాడు గున్నేశ్వరరావు. “ఇద్దరికీ సమానమన్నాడు. నాకు చూస్తే ఆరంగుళాలు తక్కువున్నట్టుంది.”

“నాకేనండి తక్కువ!” అన్నాడు తాతబ్బాయి, జేబులోంచి టేపు తీస్తూ. “అందుకే మీ దగ్గరికొచ్చేం. మీరు కొలిచి, ఇక్కడ ఓ బొమ్మ కట్టి చూపించేరంటే మాకు నమ్మకం.”

ఆవిడ కాజాల పొట్లం వైపు చూసింది, టేపు వైపు చూసింది, తన ఇంటి వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మనిషి మొదటి అబద్ధం ఆడటం గడపనైన నేను దగ్గరుండి విన్నాను.

“నాకు లెక్కలు రావండీ” అంది.