తలుపుకి అడ్డంపడ్డ మాటలు

పొద్దున తొమ్మిదింటికి ఆసుపత్రి తెరుస్తారు. పదిన్నరకల్లా ఆయా చీపురూ తట్టా పట్టుకుని డాక్టరమ్మ గదిలోకొస్తుంది. రోగికి అర్థంకాని మాటలు నేల మీద రాలతాయి కదా, అవి ఊడవాలి. చిన్నవి శనగగింజలంత, జబ్బుల పేర్లయితే గులకరాళ్ళంత ఉంటాయి. ఈ డాక్టరమ్మవి పూటకి మూడు తట్టలు. పెద్ద చదువులు చదివిన మనిషి మరి.

ఆ రోజు ఆమె ఎదురుగా యాభై దాటిన టైలరొకాయన కూర్చుని మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. పదేళ్ళుగా షుగరు. కుడి అరికాల్లో చొక్కా గుండీ అంత పుండు, లోపల ఎముకని అంటుకుంది. ఇవాళే చేర్చుకోకపోతే పాదం దక్కదని డాక్టరమ్మ ఆరాటం. పోయిన నెల ఇలాగే "మళ్ళీ వస్తానమ్మా" అని వెళ్ళినాయన కాలు మోకాలి దాకా పోయింది.

అందుకే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. నరాల క్షీణత అంది, రక్తప్రసరణ అంది, ఆస్టియోమైలైటిస్ అంది. అన్నీ టపటపా రాలి, నేల వాలుకి గడప వైపు దొర్లిపోయాయి.

"నొప్పే లేదు కదమ్మా," అంటూ లేచాడు టైలరు. "సోమవారానికి నలభై యూనిఫారాలు ఇవ్వాలి. అవయ్యాక వస్తాను."

తలుపు లాగాడు. రాలేదు. లోపలికి తెరుచుకునే తలుపది, దాని కింద మాటలు గుట్టపడ్డాయి. ఆయా టీకి వెళ్ళింది. టీకి వెళ్ళిన ఆయా ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

చేసేదేంలేక ఇద్దరూ కూర్చున్నారు. నోరు తెరిస్తే ఇంకో నాలుగు రాలతాయని డాక్టరమ్మ భయపడి ఊరుకుంది. అప్పుడే ఆయన్ని తేరిపార చూసింది. మెడలో టేపు, చూపుడువేలి మీద సూది గాట్లు. ఆయన చూపు ఆమె తెల్లకోటు భుజం మీదుంది.

"ఎవరు కుట్టారమ్మా ఇది? ఇక్కడ బెత్తెడు మేర కుట్టే పడలేదు. మిషను కింద ఉండే బాబిన్‌లో దారం అయిపోయినా చూసుకోకుండా తొక్కుకుంటూ పోయాడు."

"అయిపోతే తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? పైన సూది ఆడుతూనే ఉంటుంది, గుడ్డ జరుగుతూనే ఉంటుంది. ఆపి, తిరగేసి చూసుకోవాలి. పనితనం లేనివాడు చూడడు."

డాక్టరమ్మ ఆయన కుడికాలి వంక చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"మీ పాదంలోనూ కింద దారం అయిపోయిందండీ. మీరు నడుస్తూనే ఉన్నారు. అక్కడ ఏం తెగినా, ఏం కుళ్ళినా కబురు మీదాకా రావడం లేదు. నొప్పి లేకపోవడమే మీ జబ్బు."

ఇద్దరూ నేల వంక చూశారు. ఒక్క మాటా పడలేదు.

టైలరు చెప్పు విప్పాడు. కాలు తొడ మీద వేసుకుని, అరికాలు వెలుగుకి తిప్పాడు. బొటనవేలితో పుండు చుట్టూ నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. అయినా నొప్పి జాడే లేదు.

"ఎన్నాళ్ళుగా తొక్కుతున్నానమ్మా ఇలాగ?" అన్నాడు.

చాలా నెలలే అయుంటాయని ఆమె దాచకుండా చెప్పింది. ఇవాళ ఉండిపోతే పాదం నిలుస్తుందని కూడా చెప్పింది. ఆయన ఫోను తీసి, యూనిఫారాలు ఆలస్యమవుతాయని స్కూలువాళ్ళకి చెప్పేశాడు.

ఆయా వచ్చి, తలుపు సందులోంచి చీపురు దూర్చి, ఊడ్చి తీసేసరికి ఆయన గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, ఏ వార్డుకి వెళ్ళాలని అడుగుతున్నాడు.