బుగ్గాసురిని గీసిన బల్ల

నేను ఒక లైటు బల్లని. చూడ్డానికి ఏటవాలు రాతబల్లలా ఉంటాను. కాకపోతే నా మధ్యలో చెక్కకు బదులు గాజు పలక, దాని కింద ట్యూబులైటు ఉంటాయి. గాజు మీద ఒక కాగితం, దాని మీద ఇంకోటి పెడితే కింది బొమ్మ పైకి కనిపిస్తుంది. కిందిదాన్ని చూసుకుంటూ పై కాగితం మీద బొమ్మ చెయ్యి రవ్వంత ఎత్తి గీస్తారు, దాని మీది కాగితంలో ఇంకాస్త ఎత్తుతారు. ఆ కాగితాలన్నీ గబగబా తిప్పితే బొమ్మ చెయ్యి ఊపుతుంది. కంప్యూటర్లు రాకముందు కార్టూన్ బొమ్మలు నడక నేర్చుకున్నది మా మీదే.

నన్ను హైదరాబాదులో, మల్లేపల్లిలో, జబ్బార్ మియా అనే వడ్రంగి ఒక పాత తలుపు టేకుతో చేశాడు. "బల్ల కింద దీపం పెట్టుకుని ఏం వెతుకుతారు సాబ్?" అని అడిగాడు నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన సుధీంద్ర గారిని. కార్టూన్ స్టూడియో నడిపే సుధీంద్ర గారు నవ్వి ఊరుకున్నారు.

స్టూడియోలో నా ముందు కూర్చున్న మనిషి పైడితల్లి. అందరూ పైడి అనేవారు. భీమిలి జాలరిపేట పిల్ల. తల్లి చిన్నప్పుడే పోతే పిన్ని నూకరత్నం చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి ఆమెను పెంచింది, బొమ్మల చదువు చదివించింది. ఇవన్నీ పైడి నాతో చెప్పలేదు. పక్క బల్లవాళ్ళతో చెబుతుంటే విన్నాను.

అప్పుడే స్టూడియోకి ఒక టీవీ సీరియల్ పని వచ్చింది. తుఫానులో తప్పిపోయిన అన్నని వెతుక్కుంటూ సముద్రం మీదికి వెళ్ళే గవ్వ అనే అమ్మాయి కథ. గవ్వ ఎలా ఉండాలో గీసే పని పైడికి ఇచ్చారు. ఆమె పెద్దగా ఆలోచించలేదు. వెడల్పు ముక్కు, రెండు వైపులా ముక్కుపుడకలు, నల్లటి ఒళ్ళు, గట్టి భుజాలు, నేలని అదిమి పట్టే పాదాలు. పిన్ని పడుచుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలా గీసింది.

సుధీంద్ర గారు కాగితం పట్టుకుని చాలాసేపు చూశారు. "బావుందమ్మా. కానీ హీరోయిన్ కదా. ముక్కు కాస్త తగ్గించు" అన్నారు.

పైడి ఆ బొమ్మ మీద కొత్త కాగితం పెట్టి ముక్కు తగ్గించింది. మర్నాడు కళ్ళు పెంచమన్నారు. తర్వాత నడుము, ఆ తర్వాత మణికట్లు. రంగు గోధుమరంగులోకి దిగింది, అక్కణ్ణించి తేనెరంగులోకి. నా వెలుగులో కింది కాగితం కనిపిస్తూనే ఉండేది కాబట్టి, ఏ రోజు ఎంత చెక్కేశారో నాకు తెలుసు. చివరికి మిగిలిన గవ్వకి నడుము మెడకంటే సన్నం. ఆ గదిలో అలాంటి నడుము ఎవరికీ లేదు. సుధీంద్ర గారికైతే మంచి బొజ్జ ఉండేది, ముక్కు కూడా కాస్త వెడల్పే.

"ఈ చేతులతో ఇది పడవెలా లాగుతుంది సార్?" అంది పైడి.

"చూసే పిల్లలు అది అడగరమ్మా. ముద్దొస్తే చాలు. ఛానల్ వాళ్ళకి కావలసిందీ అదే." ఆయన మంచివాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో సంతోషమేమీ లేదు. వెళ్ళిపోతూ, "రాక్షసిని మాత్రం నీ ఇష్టం వచ్చినట్టు గీసుకో, అడ్డు చెప్పను" అన్నారు.

గవ్వ దగ్గర్నించి తీసేసినవన్నీ అలా బుగ్గాసురికి, కథలో పడవవాళ్ళని తినేసే ఆ రాక్షసికి, చేరాయి. ముక్కు, పుడకలు, నలుపు, భుజాలు. గంప మోసి మోసి అలవాటైన నడక కూడా. నవ్వితే భుజాలు ఎగిరిపడేవి, అరచెయ్యి నోటికి అడ్డం వచ్చేది. పైడి కావాలని చేసిందనుకోను. చేతికి వచ్చింది గీసుకుంటూ పోయింది. స్టూడియోలో అందరూ ఆ నవ్వు చూసి చప్పట్లు కొట్టారు. సీరియల్ మొదలయ్యాక ఊరూరా పిల్లలు గవ్వ పాట పాడుకున్నారు, బుగ్గాసురిలా నవ్వడం నేర్చుకున్నారు.

ఒక మధ్యాహ్నం నూకరత్నం భీమిలి నుంచి స్టూడియోకి వచ్చింది. ఎండుచేపల మూట నా పక్కన దించి, గాజు మీదున్న బొమ్మ కేసి వంగి చూసింది.

"ఇదేనా? దీన్ని గీసింది నువ్వేనా?"

"నేనే పిన్నీ."

"పిల్లలు నా ఎనకాల పడతన్నారే. బుగ్గాసురి ఒస్తంది, పారిపోండ్రా అంటన్నారు. నాను టీవీలో సూసినాను. నడక నాదే, నవ్వు నాదే." ఆమె గొంతు పెంచలేదు. "మరి నానెవుల్ని తినేసినానే?"

పైడి నా ట్యూబులైటు ఆర్పేసింది. నూకరత్నం మూట విప్పి చేపలు కాగితాల్లో పొట్లాలు కట్టి, పక్క బల్లవాళ్ళందరికీ పేరుపేరునా అడిగి పంచింది. సాయంత్రం బండికే వెళ్ళిపోయింది.

ఆ వారం పైడి గీయాల్సింది సీరియల్ ఆఖరి ఘట్టం. గవ్వ బుగ్గాసురిని కొండ మీంచి సముద్రంలోకి తోసేయాలి. పైడి మొదటి కాగితం పెట్టింది. బుగ్గాసురి అంచున నిలబడింది. రెండోది పెట్టి పెన్సిలు ఎత్తింది, దించింది. చాలాసేపటికి ఆ రెండు కాగితాలూ తీసేసి, వేరే బొమ్మ మొదలుపెట్టింది. గవ్వ పడవ అలల్లో మునిగిపోతోంది. బుగ్గాసురి ఒడ్డున మడమలు ఇసకలో దించి, తాడు భుజానికి చుట్టుకుని లాగుతోంది. లాగుతుంటే వెన్ను వంగుతుంది, పిక్కలు బిగుస్తాయి, పడవ ఒక్కో జాన ముందుకొస్తుంది. నా మీద ఎన్నో బొమ్మలు కదిలాయి. నిజంగా బరువు మోసినట్టు కనిపించింది అదొక్కటే.

సుధీంద్ర గారు కాగితాలు తిప్పి చూశారు. మళ్ళీ తిప్పారు. "ఇంత బాగా నువ్వెప్పుడూ గీయలేదు" అన్నారు. "కానీ కుదరదు పైడీ. రాక్షసి చావాలి. కథ అలాగే ఒప్పుకున్నాం."

"అయితే ఇంకొకరి చేత గీయించండి సార్. ఆవిణ్ణి నేను తొయ్యలేను."

ఇంకొకరే గీశారు, పక్క బల్ల మీద. బుగ్గాసురి ఆదివారం పొద్దున రాష్ట్రమంతా చూస్తుండగా సముద్రంలో పడిపోయింది. పిల్లలు ఈలలు వేశారట. పైడి ఆ నెలలోనే ఉద్యోగం మానేసింది. తర్వాత కొన్నేళ్ళకు స్టూడియోలోకి కంప్యూటర్లు వచ్చాయి, మా బల్లలన్నిటినీ వరండాలోకి గెంటారు. పాత సామాన్లవాడు మమ్మల్ని తూకం వెయ్యబోతుంటే సుధీంద్ర గారు నన్ను పక్కకు తీయించి, లారీలో భీమిలికి పంపించారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

భీమిలిలో పైడి బళ్ళో డ్రాయింగు టీచరు. నా ట్యూబు మార్చి, గాజు తుడిచి, మంచం కింద పెట్టెలోంచి ఆ పడవ కాగితాలు తీసింది. పిన్నిని పిలిచి నా ముందు కూర్చోబెట్టి, దొంతర అంచు బొటనవేలితో పట్టుకుని గబగబా తిప్పింది. పడవ ఒడ్డుకు వచ్చింది.

నూకరత్నం గాజు మీదికి వంగింది. "ఇంకోపాలి తిప్పు" అంది. పైడి తిప్పింది.

"నానింత బాగుంటానేటే?"

"ఉంటావు పిన్నీ."

"మరి ఆ స్టూడియో బాబుకి ఇది సూపించలేదేటి?"

"చూపించాను."

నూకరత్నం కాగితాలు తన చేతుల్లోకి తీసుకుని, అలవాటు లేని వేళ్ళతో అవి జారిపోకుండా ఒడిసిపట్టి, మొదటి కాగితం నుంచి మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది.